పక్కకు తిరిగి పడుకోండి

లోకంలోని జనమంతా ఈ ఒక్క నేలముక్క మీదికే వచ్చి చేరుతున్నప్పటినుంచి, అక్కడి ఒక మేడలో ఎవరికెంత చోటో గీసిచ్చేది సుద్దముక్క పెద్దాయనే. నడుం వంగినా చెయ్యి వణకదు. చెవి మీద ఒక ముక్క, జేబులో ఇంకొకటి. వచ్చినవాళ్లను పక్కకు తిరిగి పడుకోమని, మోకాళ్లు ముడవమని, చుట్టూ గీత లాగి, "ఇదే మీ ఇల్లు, సర్దుకుపోండి" అంటాడు. ఎవరైనా వెల్లకిలా పడుకున్నారో, "అత్తారిల్లనుకున్నావా బాబూ, కాళ్లు బారజాపడానికి?" అని నవ్విస్తూనే ముడిపిస్తాడు. తన గీతను మనవరాలికిచ్చేసి, తాను మాత్రం గుమ్మానికి చేరగిలబడి కునుకు తీస్తాడు.

ఇప్పుడు వరండాలు, మెట్లు కూడా ఇసకేస్తే రాలనంతగా నిండిపోయాయి. ఈ ఉదయం, నెలలు నిండిన కోడలు వచ్చి నిలబడింది.

"మామయ్యా, గీత లేని బిడ్డని పుట్టగానే తీసుకెళ్లిపోతున్నారట. ఎక్కడికని అడిగితే ఎవ్వరూ చెప్పట్లేదు."

పెద్దాయన గదంతా కలియజూశాడు. చివరికి, జబ్బుతో మూలుగుతున్న భార్య పక్కన గొంతుక్కూర్చుని, ఆమె గీత లోపల సుద్ద ఆనించాడు.

"అయ్యో, అత్తయ్య ఇంకా ఉన్నారుగా మామయ్యా!"

ఆయన సుద్దను అడ్డంగా లాగాడు. గీత సగం దాకా వచ్చింది. ముసలామె కళ్లు తెరిచి, దాన్ని కాసేపు చూసింది.

"బిడ్డ పెరుగుతాడు కదండీ," అంది. "ఇంకాస్త ఇటు గీయండి."