సీసం వెనక చిక్కుడు మొలక

ఆయన్ని అందరూ రంపం మామయ్య అనేవారు. సగం జీవితం తలుపులూ మంచాలూ చేసిన వడ్రంగి. తను పనిచేసే కార్ఖానా మూతపడ్డాక ఓ ప్రయోగశాలలో పనికి కుదిరాడు. అక్కడ కోసేది చెక్క కాదు, తెల్లటి ప్లాస్టిక్ దిమ్మలు. అక్కడి పొడవాటి గొట్టం యంత్రం కొస చుట్టూ వాటిని వెంట్రుక దూరనంత బిగువుగా పేర్చాలి.

"ప్లాస్టిక్ కోసే వడ్రంగిని మిమ్మల్నే చూశాను" అని భార్య ఆటపట్టించేది.

ఉండబట్టలేక ఓ రోజు అక్కడి ఇంజనీరమ్మనే అడిగాడు. "ఇవన్నీ దేనికమ్మా?"

"ఆ గొట్టంలోంచి ప్రోటాన్లు దూసుకొచ్చి బెరీలియం అనే లోహపు పలకను కొడతాయి. అందులోంచి న్యూట్రాన్లు ఎగిరొస్తాయి. మహా దుడుకువి. సరే, గోలీ గోడను కొడితే ఏమవుతుంది?"

"వెనక్కొస్తుంది."

"సాటి గోలీని కొడితే?"

"చప్పబడిపోతుంది."

"ప్లాస్టిక్ నిండా హైడ్రోజనే మామయ్యా, న్యూట్రాన్‌కి సాటి గోలీ. మీ దిమ్మల్లో కొట్టుకుని కొట్టుకుని అవి నెమ్మదిస్తాయి. అలా నెమ్మదించినవి సీసాన్ని కూడా దాటిపోతాయి. నీళ్ల దగ్గర మాత్రం చిక్కుకుపోతాయి."

"సీసాన్నా?" మామయ్యకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ న్యూట్రాన్లతో మొదటి బొమ్మ తీసేనాడు ఇంటివాళ్లనూ రమ్మన్నారు. భార్య పల్చటి అల్యూమినియం డబ్బాలో, ఇసుకలో పెంచిన చిక్కుడు మొలకను తెచ్చింది. ఇంజనీరమ్మ దాని ముందు రెండు వేళ్ల మందం సీసం పలక నిలబెట్టి, ఇసుకలోకి సన్నటి గొట్టం దించింది. అందరూ మందపాటి గోడ ఇవతలికి వచ్చేశారు.

తెర మీద ముందు మసక తప్ప ఏమీ లేదు. రానురాను సీసం పొగమంచులా పల్చబడింది. డబ్బా అయితే లేనట్టే ఉంది. ఆ మసకలోంచి, నీళ్లున్న చోటల్లా నల్లగా, కాండం, దాని కింద తల్లివేరు, దారాల్లాంటి పిల్లవేర్లు ఒక్కొక్కటే తేలాయి.

"ఇప్పుడు నీళ్లు పోయండి అత్తయ్యా" అంటూ ఇంజనీరమ్మ గోడ ఇవతలికి లాగి ఉంచిన సన్నటి గొట్టం రెండో కొస ఆమె చేతికిచ్చింది.

ఆమె పోసింది. బొమ్మ తర్వాత బొమ్మలో నల్లటి తడి ఇసుకలోకి జారింది. వేర్ల దగ్గరికి చేరింది. మరికాసేపటికి అక్కడ పల్చబడుతూ వచ్చింది.

"తాగుతోందండీ!" ఆమె తెర దగ్గరికి జరిగింది. "ఇన్నేళ్లూ నీళ్లు పోశానే గానీ, అవి తాగడం ఎన్నడూ చూడలేదు."

మామయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. ఆ గోళ్ల సందుల్లో ఇంకా తెల్లటి పొట్టు ఉంది.

"అమ్మాయీ, ఆపకు" అన్నాడు. "ఇంకొక్క బొమ్మ చూద్దాం."