సున్నపు బాణాలు

ముద్దనూరు స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయం పదీ ఇరవై. ఏప్రిల్ రెండో వారం. ముప్ఫై మందిమి ఒక్క వేపచెట్టు నీడలో ఇరుక్కుని లారీ కోసం నిలబడ్డాం. ఎన్నికల బందోబస్తుకు పంపిన కేంద్ర బలగం మాది. అందరిలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మాది విజయనగరం వైపు పల్లె. బీహారువాడికి ఆ నేల ఎంత కొత్తో నాకూ అంతే కొత్త. ఆ మాట చెబితే మా హవల్దారు నమ్మలేదు. "నీ భాష, నీ జనం. ఇకనుంచి మాట్లాడేది నువ్వే" అన్నాడు హిందీలో. ఆ ఒక్క ముక్కతో దుబాసీ పని నా నెత్తిన పడింది.

కంపెనీ ఆఫీసు పులివెందులలో పెట్టారు. మా సెక్షన్‌కి మాత్రం కొండ దక్కింది. జమ్మలమడుగుకీ ముద్దనూరుకీ మధ్య, రోడ్డుకు పడమరగా పరుచుకున్న ఎర్రరాతి కొండ. దక్షిణపు అంచున మా పికెట్. రెండు గుడారాలు, ఇసుక బస్తాల బంకరు, ఒక రేడియో సెట్టు, రెండు నీళ్ళ డ్రమ్ములు, ఎనిమిది మంది మనుషులు. తూర్పున కలమల్ల కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించేవి. మధ్యాహ్నం పన్నెండు దాటితే రైఫిల్ గొట్టం మీద చెయ్యి ఆనేది కాదు.

కింద రెండు ఊళ్ళు. ఒకటి కొండ మొదట్లో, ఇంకొకటి రోడ్డు మీద. ఊరికో పెద్దమనిషి, పెద్దమనిషికో పార్టీ. కొండకింది ఊరివాళ్ళు జమ్మలమడుగు పోవాలంటే బస్సు రోడ్డు మీది ఊళ్ళో ఆగాలి. ఆగిన బస్సులోంచి మనిషిని దించేవాళ్ళు. ఆ ఏడాది కొండకింది ఊరివాళ్ళు బస్సెక్కడం మానేశారు.

మా పని నడవడం. కొండమీది కాలిబాటలన్నీ కనిపెట్టాలి, కొలవాలి, దారి తప్పకుండా సున్నంతో బాణాలు వేయాలి, పోలింగుకు ముందు మ్యాపు పులివెందులకు పంపాలి. కొండ పైభాగం నాలుగు కిలోమీటర్లు బల్లపరుపుగా ఉంటుందని మాకు రెండు నల్ల సైకిళ్ళు ఇచ్చారు. వాటిని భుజాన వేసుకుని ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఎక్కాక రేగుముళ్ళు. మొదటి రోజే నాలుగు పంక్చర్లు. మా రేడియో ఆపరేటర్ పంజాబు కుర్రాడు, బండమీద కూర్చుని ట్యూబుకి అతుకులు వేస్తూ ఆ సైకిళ్ళు పంపినవాణ్ణి వంశంతో సహా తిట్టేవాడు. ఇప్పుడు జనం సెలవు పెట్టుకుని, నెత్తిన టోపీ బిగించుకుని, సరదాగా చేసే పని, కొండలమీద సైకిల్ తొక్కడం. మాకది శిక్ష.

ఐదో రోజు దారి తప్పాం. మూడు గంటలు తిరిగాం. సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. అప్పుడు కనిపించాడు ఓబులేసు. గొర్రెల కాపరి, నలభై ఏళ్ళుంటాయి, భుజాన గొంగడి. రాతి సందులో ఊట చూపించాడు. మేం తాగుతుంటే మా బూట్ల గుర్తులు చూసి నవ్వాడు.

"ఏందప్పా, కాళ్ళ గుర్తులు అట్లే ఇడిసిపెట్టి పోతాండారు?"

"ఏం చెయ్యాలి?" అన్నాను.

"ఈడ మనిషి ముందర పోతాడు, ఎనక గొర్లు పోతాయి. గొర్లు తొక్కినాక ఆ దావన ఎవురు పోయినారో దేవునికి గూడా తెలీదు."

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఓబులేసుది కొండకింది ఊరు. ఆ ఊరి మనుషులు కొండ దాటాల్సి వస్తే నిజంగానే వెనక మందను తోలించుకునేవాళ్ళు. ఓబులేసుకు భార్య నాగమ్మ తోలేది. ఆయన ముందు నడిస్తే రెండు వందల అడుగుల వెనక ఆమె, ఆమె ముందు అరవై గొర్రెలు.

తనకు దాక్కునే అవసరం ఎందుకొచ్చిందో ఓబులేసు పదిరోజుల పరిచయం తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కింద ఆయన తమ్ముణ్ణి చేనిగట్టు మీద నరికారు. నరికినవాళ్ళు రోడ్డు మీది ఊరివాళ్ళు. చూసినవాడు ఓబులేసు ఒక్కడే. రెండు వాయిదాలకు పోలేకపోయాడు.

"సోమవారం జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉందప్పా. ఈ తూరి గూడా పోకుంటే కేసు పోతాదన్నాడు లాయరు. నా తమ్ముడు ఉత్తపుణ్యానికి సచ్చినట్టు ఐతాది."

హవల్దారుకు చెప్పాను. మంచివాడు, సెట్టు దగ్గరికి పోయి పిలిచాడు.

"పులివెందుల, కొండ పికెట్. ఒక సాక్షికి సోమవారం ఎస్కార్టు కావాలి. ఓవర్."

"కొండ పికెట్, అది మన పని కాదు. మీ రూటు ఎంతవరకు వచ్చింది? ఆదివారం ఇన్‌స్పెక్షన్. ఓవర్."

స్థానిక పోలీసుల దగ్గరికి పొమ్మన్నాను. ఓబులేసు అదోలా చూశాడు. "ఆడ చెప్తే కొండ దిగేలోపల అందరికీ తెలుస్తాది. నేను కొండ మీదనే పోతాలే."

ఆయనకు తెలిసిన దారి ఒకటుంది. పైన నాలుగు కిలోమీటర్లు ఉత్తరంగా పోతే బండ రెండుగా చీలి ఉంటుంది. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని అరవై అడుగులు నడవాలి. అవతల దిగితే జమ్మలమడుగు రోడ్డు. పికెట్ నుంచి రోడ్డుదాకా రెండు గంటల ముప్ఫై ఐదు నిమిషాలు. రోడ్డు మీది ఊరు తగలనే తగలదు. ఆ దారి మ్యాపులో లేదు. మాకు కావలసింది అలాంటిదే. చూపించమని అడిగింది నేనే. ఎవరికీ తెలియనివ్వనని మాట ఇచ్చిందీ నేనే.

శుక్రవారం ప్రొద్దుటూరు పోయి సున్నం, కుంచెలు, సైకిల్ ట్యూబులు తెచ్చాను. శనివారం ఆ దారి పొడవునా బాణాలు వేశాను. పదిహేడు. మూరెడు పొడవు. ఎర్రబండ మీద తెల్లగా, చక్కగా వచ్చాయి. కాస్త గర్వపడ్డాను కూడా.

సాయంత్రం ఓబులేసు వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"మాట ఇచ్చి ఇదేం పనప్పా? సున్నం కొట్టినావే! గుడ్డోనికి గూడా కనపడతాది గదా!"

హవల్దారుకు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆర్డరు మార్క్ చెయ్యమని. తుడవమని కాదు." చాలాసేపు బతిమాలాను. చివరికి ఆదివారం ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఆ దారిలో బాణాలు తుడిచెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఓబులేసుకు ఆ మాట చెబితే కొంచెం చల్లబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రావలసిన ఆఫీసరు నాలుగున్నరకు వచ్చాడు. రెండు బాణాలు చూశాడు, మజ్జిగ తాగాడు, మెచ్చుకున్నాడు, ఐదుంబావుకు దిగిపోయాడు. నేను ఇనప బ్రష్షు, నీళ్ళ క్యాను సైకిల్‌కు కట్టుకుని బయలుదేరాను. పచ్చి సున్నం తేలిగ్గా పోతుందనుకున్నాను. రాయి పీల్చేసింది. ఒక్కో బాణానికి ఐదారు నిమిషాల రుద్దుడు. పదకొండు పోయాయి. చివరి ఆరు, చీలిక దగ్గరివి, మిగిలిపోయాయి. పొద్దు వాలింది. చీకటి పడేలోపు వచ్చెయ్యాలని హవల్దారు ముందే చెప్పాడు. ఆరూ యాభైకి పికెట్ చేరాను.

నీళ్ళ డ్రమ్ము పక్కన ఓబులేసు కూర్చుని ఉన్నాడు.

"తుడిపినావా అప్పా?"

"తుడిచాను."

"అన్నీ?"

"అన్నీ."

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అలసిపోయాను. మళ్ళీ ఆ మాడిన మొహం చూడలేననిపించింది. పొద్దున్నే పోయి ఆరూ తుడిచేస్తే ఇది అబద్ధమే కాదనుకున్నాను. అందుకే అడిగాను, ఎప్పుడు బయలుదేరుతున్నావని.

"ఏడుకు పోతాలే. కోర్టు పదిన్నరకు గదా" అన్నాడు.

సోమవారం ఆరింటికి, సెట్టు వీపుకు తగిలించుకున్న రేడియో ఆపరేటర్‌ని తోడు తీసుకుని సైకిళ్ళమీద బయలుదేరాను. ఏడులోపు చాలా టైముంది. ఒక కిలోమీటరు పోయాక దారి మీద పెంటికలు కనిపించాయి. ఆగి ముట్టుకున్నాను. మెత్తగా, తాజాగా ఉన్నాయి. దుమ్మంతా డెక్కల గుర్తులు. వాటి వెనక ఒక ఆడమనిషి అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు.

ఆ నేలలో పగ ఉన్నవాడు బయలుదేరే వేళ ఎవరికీ నిజం చెప్పడు. కట్టుకున్నదానికి కూడా లేచాకే చెబుతాడు. ఇది మాకెవరికీ తెలియదు. దుబాసీగా నేను తెలుసుకోవలసింది అదే. ఐదింటికే బయలుదేరాడు ఓబులేసు.

సీటు మీద లేచి తొక్కాను. రాళ్ళ మీద సైకిల్ ఎగిరెగిరి పడుతోంది. వెనక ఆపరేటర్ ఆగమని అరుస్తున్నాడు. ఆరున్నరకు చీలిక దగ్గరికి చేరాను. గొర్రెలు చెదిరి బండల మీద నిలబడ్డాయి. నాగమ్మ చీలిక మొదట్లో కూర్చుని ఉంది. ఓబులేసు తల ఆమె ఒళ్ళో ఉంది. మెడ మీదా భుజం మీదా వేట్లు. ఊపిరి లేదు. ముగ్గురో నలుగురో, చీలికలోంచి ఆయన పక్కకు తిరిగి వచ్చేదాకా అవతలి కొసన కూర్చుని ఉన్నారట. నాగమ్మే ఇవతలికి ఈడ్చుకొచ్చింది. ఆమె తలమీదుగా బండ మీద నా బాణం. తెల్లగా, ఎటు పోవాలో చూపిస్తూ.

ఆమె నన్ను చూసింది. బాణాన్ని చూసింది. నా చేతిలో ఇనప బ్రష్షును చూసింది.

"ఇప్పుడు తుడుపుతాండావా సారూ?"

బ్రష్షు కింద పెట్టేశాను.

ఆపరేటర్ సెట్టులో చెబుతున్నాడు. "పులివెందుల, మనిషి చనిపోయాడు, ఓవర్." అటునుంచి ఒకే ప్రశ్న. "మనవాడా? ఓవర్." కాదన్నాడు. "సరే, ఓవర్."

పోలీసులు పదింటికి వచ్చారు. ఏదీ ముట్టుకోవద్దన్నారు. ఆరు బాణాలూ అలాగే ఉండిపోయాయి. మ్యాపులో దారి ఎక్కింది. కేసు పోయింది. పోలింగు ప్రశాంతంగా జరిగిందని రేడియో వార్తల్లో విన్నాం. ఆ ఇద్దరు పెద్దమనుషులూ తర్వాత ఒకే పార్టీలో చేరి ఒకే వేదికమీద దండలు మార్చుకున్నారని ఎవరో చెబితే నవ్వు కూడా రాలేదు.

తిరిగి వచ్చే రోజు లారీ జమ్మలమడుగు మీదుగా వచ్చింది. కొండ ఉత్తరపు వాలు కింద డ్రైవరు టైరు చూసుకోవడానికి ఆపాడు. తల ఎత్తి చూశాను. ఎర్రటి కొండ మీద అంత దూరం నుంచి చిన్న తెల్ల మచ్చ. అది నా చివరి బాణం. శనివారం వేసినప్పుడు పైనుంచే చూసుకున్నాను. కింద రోడ్డు మీద పోయేవాడికి, బస్సు కిటికీలో కూర్చున్నవాడికి ఎలా కనిపిస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రూటు మార్కింగుకు నాకు మెప్పుకాయితం ఇచ్చారు. ఇంట్లో అద్దం కట్టించి పెట్టింది మా ఆవిడ. దించమన్నాను. ఎందుకో చెప్పలేదు.

కిందటి నెల మా అల్లుడు ఫోనులో ఫోటోలు చూపించాడు. స్నేహితులతో ఏదో కొండెక్కి సైకిళ్ళు తొక్కి వచ్చాడట. "మామయ్యా, మీరు డ్యూటీ చేసిన కొండే! దారి తప్పే భయమే లేదు. పాతకాలంలో ఎవరో బాణాలు వేశారట, క్లబ్బువాళ్ళు వాటికే మళ్ళీ రంగు పూశారు." చీలికకు ఆనించి ఐదు సైకిళ్ళు. ఐదుగురూ నవ్వుతున్నారు. బాగుందన్నాను. ఇంకేమనాలి? అందుకే ఇది రాస్తున్నాను, ఆ దారిన పోయేవాళ్ళు ఒక్కసారైనా చదువుతారని.

పోయేవాళ్ళకు కనిపించనిది నాకు కనిపిస్తుంది. ఆ సోమవారం శవాన్ని దించాక నాగమ్మ లేచింది. చెదిరిన మందను కూడగట్టి ఇంటివైపు నడిచింది. ఎవరినుంచి దాక్కోవాలని ఇంక? అయినా అలవాటు. తాను ముందు, గొర్రెలు వెనక. ఆమె పాదాల గుర్తులు ఒక్కొక్కటే పడ్డాయి. అరవై గొర్రెలు వాటిని ఒక్కొక్కటే తొక్కుకుంటూ పోయాయి. కాసేపటికి దారి మీద ఆమె లేదు. బాణం ఉంది.