సముద్రపు కుందేలు రంగు చిమ్మిన చొక్కా

మా జువాలజీ సారు పోయారు. మంగళవారం పొద్దున కాలేజీ గ్రూపులో ఫోటో వచ్చింది. అది ఆయనేనని గుర్తుపట్టడానికి నాకు నిమిషం పట్టింది. చేతిలో సీసా లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు మరి.

ఆ సీసాలో, ఫార్మలిన్‌లో ముడుచుకుపోయిన సముద్రపు కుందేలు ఉండేది. పేరుకే కుందేలు, పుట్టింది నత్తల వంశంలో. తల మీద రెండు కొమ్ములు చెవుల్లా నిలబడతాయని ఆ పేరు. మేం మాత్రం కోడి లివర్ అనేవాళ్లం. సారుకు వినపడేది.

"నవ్వండ్రా, నవ్వండి. పెంకులో దాక్కుంటే ఏ నత్తయినా బతుకుద్ది. దీనికి ఒంట్లో ఎక్కడో పల్చటి రేకు మిగిలిందంతే. అయినా సముద్రంలో తిరుగుతుంది చూడు, అదీ దమ్మంటే!"

పల్నాడు వాళ్లకు దమ్ము గురించి పాఠం చెప్పిన నత్త ప్రపంచంలో అదొక్కటే.

సారు బెంగ ఒకటే. నరసరావుపేటకు సముద్రం లేదు. తాను వెళ్లిపోయాక ఇక్కడ దీని మాట ఎవడెత్తుతాడు? అందుకే మా బ్యాచ్‌ని విశాఖపట్నం తీసుకెళ్లి, నీళ్లు వెనక్కి తగ్గిన వేళ చూసి, రాళ్ల మధ్య గుంటల దగ్గర నిలబెట్టారు.

అక్కడ నాచు మేస్తూ ఒకటి కనిపించింది. నేను మిరప రైతు కొడుకుని. ఆకు తినే పురుగు కనిపిస్తే నా చెయ్యి నన్నడగదు. ఠక్కున ఏరి రాయి మీద పడేశాను. పోతూ పోతూ అది నా తెల్లచొక్కా మీద ఏటవాలుగా ఊదారంగు చిమ్మింది.

"ఒరేయ్! అది మీ నాయన మిరప చేను కాదురా!"

మోకాళ్ల నొప్పులాయన పరుగెత్తుకొచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తి గుంటలో వదిలి, ప్యాంటు తడుస్తున్నా అక్కడే కూర్చుండిపోయారు. చాలాసేపటికి దాని చెవులు లేచాయి. సారు మొహం చూడాలి, మనవడు పుట్టినట్టే!

ఇక నా వంతు అనుకున్నాను.

"చొక్కా ఇప్పు."

"ఏంది సార్, ఇక్కడా?"

"ఇప్పరా. నరసరావుపేట మొత్తంలో సముద్రపు కుందేలు చేత రంగు కొట్టించుకున్న మొనగాడివి నువ్వొక్కడివే!"

నేను బనీనుతో ఊరొచ్చాను. చొక్కా ల్యాబ్ గోడకెక్కింది. ఏడాదిలో రంగంతా వెలిసిపోయింది. సారు మాత్రం దించలేదు. ప్రతి బ్యాచ్‌కీ ఆ తెల్లగుడ్డే చూపిస్తూ, "ఇదుగో, ఇక్కడ" అని చెబుతూనే ఉన్నారు. పిల్లలు పాపం తలలూపేవాళ్లు. కాలేజీకి వెళ్లినప్పుడల్లా నేను బయట నిలబడి పగలబడి నవ్వేవాణ్ని.

నిన్న సంతాప సభకని వెళ్లి ల్యాబ్‌లోకి తొంగిచూశాను. చొక్కా ఉంది. నేనెవరో తెలియని ఫస్టియర్ అమ్మాయి పక్కపిల్లకు చూపిస్తోంది.

"సముద్రపు కుందేలు కొట్టిందే ఇది. ఇక్కడ్నించి ఇక్కడిదాకా, ఊదా."

తెల్లటి గుడ్డ మీద వేలు జేబు దగ్గర మొదలై, ఏటవాలుగా చివరి గుండీ దాకా దిగింది.

ఒక్క అంగుళం తప్పలేదు.