చెమ్మ లేదని చెప్పాను

మా వెనక పోర్షన్‌లో పదకొండేళ్లు అద్దెకున్న టీచరు గారు పోయిన ఆదివారం ఏలూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాను. ఎందుకు పాడయ్యాయని ఎవరూ అడగడం లేదు, నేనూ చెప్పడం లేదు. ఇక్కడ చెబుతాను.

కొల్లేటి పక్క ఊళ్లలో, మిషన్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారావిడ. ఒంటరి మనిషి. మా అమ్మాయి ఇవాళ ఇంజనీరింగ్ చదువుతోందంటే ఆవిడ పుణ్యమే. టీచరు గారి నాన్నగారు తాపీ మేస్త్రి. అందుకేనేమో, పొద్దున్నే లేచి, పసిపిల్లలకి జ్వరం ఉందేమో చూసినట్టు గోడకి చెయ్యి ఆనించి చూసేవారు. వానలు మొదలైతే చాలు, "ఏవండీ, మళ్లీ వచ్చిందండీ" అనేవారు. వచ్చేది నల్ల బూజు. గోడ అడుగు నుంచి మోకాలెత్తు దాకా పాకేది.

తప్పు నాదే. ఆ పోర్షన్ కట్టేటప్పుడు, చేపల చెరువులు తవ్విన మట్టి ఊరికే వస్తోందని పునాదుల్లో నింపించాను. మా వైపు చాలామంది చేసే పనే. ఆ మట్టిలోని ఉప్పూ తడీ గోడ పట్టుకుని పైకి ఎక్కుతూనే ఉంటాయి. టీచరు గారు మొదటి ఏడాదే చెప్పారు. "పనివాణ్ణి ఎంతవుద్దని అడక్కండి. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అడగండి. చెప్పలేకపోతే పంపించేయండి" అన్నారు. ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

తాడేపల్లిగూడెం నుంచి ఒక కాంట్రాక్టరుని పిలిపించాను. గోడ నిండా ప్లాస్టిక్ ప్యానెళ్లు బిగించేస్తే బూజు కనపడనే కనపడదన్నాడు. "నీళ్లు కిందనుంచా, పైనుంచా బాబూ?" అని టీచరు గారు అడిగారు. "టీచరు గారు మాకే పరీక్ష పెడతన్నారండీ!" అని నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మూడో రోజుకి గోడ తెల్లగా మెరిసింది. "రోగిష్టివాడికి పట్టుబట్టలు కట్టారండీ" అన్నారావిడ. అద్దెకున్న మనిషికి ఇంత పెత్తనం ఏమిటని నాకు ఒళ్లు మండింది.

రెండు వానాకాలాలు గడిచేసరికి ఆవిడకి దగ్గు పట్టుకుంది. నా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. వీధిలో నాకు మంచివాడనే పేరుంది లెండి. డాక్టరు అన్నీ రాసుకుని, "ఇంట్లో చెమ్మ గానీ బూజు గానీ ఉందాండీ?" అని అడిగాడు. టీచరు గారు నా వైపు చూశారు.

"అబ్బే, లేదండీ" అన్నాను నేనే.

ఆవిడ తల దించుకున్నారు. ఆ గోడ వల్లే పోయారని ఏ డాక్టరూ అనలేదు. అనడానికి నేను అవకాశం ఇస్తేగా!

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడే అన్నారు. "ఈ వయసులో ఒంటరిదానికి ఇంకో ఇల్లు ఎవరిస్తారండీ? అందుకే ఊరుకున్నాను. మీరేం మనసులో పెట్టుకోకండి." తప్పు చేసినవాణ్ణి నేను, బతిమాలుకున్నది ఆవిడ. ఈ రోజుకీ అది నాకు మింగుడు పడటం లేదు.

ఇంటికి రాగానే ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. కారు పెట్టి వస్తుంటే కిటికీలోంచి కనిపించారు. మంచాన్ని గోడ దగ్గర్నుంచి జరుపుతున్నారు. ఒక కోడు లాగి, నిలబడి దగ్గి, మళ్లీ ఇంకో కోడు లాగుతున్నారు. అలా గది నడిమధ్యకి తెచ్చుకుని, దాని మీద కూర్చుని ఆయాసపడుతున్నారు. నేను బయట నిలబడి అంతా చూశాను. లోపలికి వెళ్లి ఒక చెయ్యి వేయలేదు.