భాయ్ ఎంపీత్రీ ప్లేయరూ, నా లైనక్స్ పాండిత్యమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు మనిషికి అంత తెలుస్తుంది గానీ, నలభై దగ్గర పడేసరికి అందులో సగం కూడా మిగలదు, ఎటు పోతుందో మరి. డిగ్రీ కాగానే తిరువూరు బస్టాండు వెనక ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో నాకు ఉద్యోగం దొరికింది. విజయవాడలో చదువుకునే స్నేహితుడొకడు లైనక్స్ సీడీ ఇస్తే, సెంటర్లో నా కంప్యూటర్లోంచి విండోస్ పీకేసి అది ఎక్కించాను. ఆ రోజు నుంచీ నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఎ.కొండూరు నుంచి టైపింగ్ నేర్చుకోడానికొచ్చే అమ్మాయిలను కూర్చోబెట్టి, నల్లటి తెరమీద టకటకా కమాండ్లు కొట్టి చూపించేవాణ్ణి. (పాపం, వాళ్ళడిగింది బయోడేటా ఎలా టైపు చెయ్యాలని.) లైనక్స్ బొమ్మ పెంగ్విన్ కాబట్టి, నా వెనకాల నన్ను 'పెంగ్విన్ సార్' అనుకునేవాళ్ళు. అది గౌరవమేనని చాలాకాలం నమ్మాను.

మా సెంటరు ఎదురుగా టైలరు భాయ్ కొట్టు. ఒక బుధవారం పొద్దున ఆయన భుజంమీద టేపుతోనే వచ్చి, జేబులోంచి అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయరు తీసి నా బల్లమీద పెట్టాడు. వాళ్ళ నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు. ఈ చుట్టుపక్కల ఆయన వాయించకుండా పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదట. కిందటేడు పోయాడు. పోవడానికి నెల ముందు, మంచంమీద కూర్చుని వాయిస్తుంటే భాయ్ కూతురు ఇందులో రికార్డు చేసింది.

"బ్యాటరీ నిలవట్లేదు బాబూ. ఇవాళో రేపో ఆగిపోయేట్టుంది. ఇందులోది సీడీలోకి ఎక్కించిపెట్టు. ఆదివారం గంపలగూడెం నుంచి మా చెల్లెళ్ళిద్దరూ వస్తున్నారు. నాన్న వాయించింది వాళ్ళు ఇంకా వినలేదు."

"అరగంట పని భాయ్. టీ తాగి రండి," అన్నాను.

నా బల్లమీదున్న వైరొకటి తీసి ప్లేయరును కంప్యూటరుకు తగిలించాను. ప్లేయరు మీద చార్జింగు బొమ్మ వెలిగింది. కంప్యూటరు మాత్రం ఉలకలేదు, పలకలేదు. తగిలించిన వస్తువును కంప్యూటరు గుర్తుపట్టి, లోపలి ఫైళ్ళు తెరిచి చూపించడాన్ని మౌంట్ కావడం అంటారు. అది కాలేదు. చేత్తో కమాండు కొట్టాను, కాలేదు. తగిలించిన వస్తువుల జాబితా అడిగితే కీబోర్డు ఉంది, మౌసు ఉంది, భాయ్ వాళ్ళ నాన్న లేడు. భాయ్ టీ తాగి వచ్చాడు. "ఇది కొంచెం లోతైన సమస్య," అన్నాను గంభీరంగా. గురువారం ఇంటర్నెట్లో తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ ఇంగ్లీషులో అడిగాను. ఎవరో దూరదేశపు పుణ్యాత్ముడు "ముందు వేరే వైరుతో చూడండి" అని రాశాడు. ఇంత చదువుకున్నవాణ్ణి పట్టుకుని వైరు గురించి చెబుతాడా అని ఒళ్ళు మండి, జవాబు కూడా ఇవ్వలేదు. శుక్రవారమంతా లైనక్స్ గుండెకాయనే విప్పి మళ్ళీ కట్టాను. దాంతో అప్పటిదాకా పనిచేస్తున్న ప్రింటరు కూడా ఆగిపోయింది.

భాయ్ కొట్టు పక్కనే ఫోటో స్టూడియో ఉంది. దాన్ని నడిపే అక్క దగ్గర విండోస్ కంప్యూటరుంది. పది అడుగుల దూరం. కానీ విండోస్ గడప తొక్కడం కంటే రోడ్డుమీద గుంజిళ్ళు తియ్యడం నయమనుకునే రోజులవి. శనివారం పొద్దున భాయ్ వచ్చేసరికి నా దగ్గర రెండే మాటలున్నాయి. ఒకటి 'నాకు చేతకాలేదు'. రెండోది చెప్పాను.

"లోపల మెమరీ కాలిపోయింది భాయ్."

ఆయన ప్లేయరును అరచేతిలో పెట్టుకుని మీట నొక్కి చూశాడు. బ్యాటరీ అప్పటికే పూర్తిగా చచ్చిపోయి, అది పలకలేదు. "కాలిపోవడమంటే... పాట కూడానా?"

"పాట కూడా."

ఆయన ప్లేయరును జేబులో వేసుకుని, నా భుజం తట్టి, "పోనీలే. మూడు రోజులు కళ్ళు పాడుచేసుకున్నావు. నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని వెళ్ళిపోయాడు.

చెల్లెళ్ళకు పాట లేదు కాబట్టి, నాన్న ఫోటో అయినా పెద్దది చేయించి ఇద్దామని ఆయన నేరుగా స్టూడియోకి వెళ్ళాడు. అక్క ఆ ప్లేయరును చూసి, తన కెమెరా వైరు తీసి తగిలించింది. అంతే. అన్నీ వచ్చాయి. నా వైరు చార్జింగుకు తప్ప మరెందుకూ పనికిరానిది. అందులోంచి కరెంటు వెళుతుంది గానీ పాటలు రావు.

ఆ సంగతి నాకు తెలిసిందెలాగంటారా? ఆదివారం మధ్యాహ్నం భాయ్ స్వయంగా వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళాడు. చాపల మీద చెల్లెళ్ళు, పిల్లలు, ఓ మూల స్టూడియో అక్క. సీడీ పెట్టారు. క్లారినెట్టు లేచింది, మధ్యలో దగ్గు అడ్డొచ్చింది, "ఆ ఫ్యాను ఆపండే, గాలి నేనే ఊదుతున్నాగా!" అని ముసలాయన గొంతు కసిరింది. చిన్న చెల్లెలు పకపకా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. భాయ్ నన్ను ముందుకు తోసి, "ఈ బాబు మూడు రోజులు కూర్చుని లోపలంతా బాగుచేశాడమ్మా. అందుకే అక్కడ పెట్టగానే పలికింది," అన్నాడు. పెద్ద చెల్లెలు రెండు చేతులూ జోడించింది. నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచాను, ఒట్టు. ఎవరో బిర్యానీ పళ్ళెం చేతిలో పెట్టారు. నోరు దానికి ఉపయోగపడింది.

"ఇంకొంచెం వేసుకో తమ్ముడూ," అంది స్టూడియో అక్క, నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు. "వైరుతో బాగా అలిసిపోయుంటావు."

తల వంచుకుని ఇంకొంచెం వేసుకున్నాను. భాయ్ ఊరంతా చెప్పాడు. నెలరోజులపాటు రెడ్డిగూడెం దాకా ఎవరింట్లో రేడియో మూగబోయినా నా దగ్గరికే తెచ్చారు. ఒక్కటీ బాగుపడలేదు.

నిజం చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చి, ప్యాంట్లు కుట్టించుకోడానికి వెళ్ళాను. ఆయన నడుము చుట్టూ టేపు పెట్టాక, ఇక పారిపోవడానికి లేదు కదా అని, అంతా చెప్పేశాను. వైరు సంగతి, మెమరీ కాలిపోయిందని తెలియకుండానే అనేసిన సంగతి.

"ఊపిరి వదులు. బిగపడితే కొలత తప్పుద్ది," అన్నాడు భాయ్. నోట్‌బుక్కులో అంకె రాసుకుని, పెన్సిలు చెవి వెనక దోపుకుంటూ అన్నాడు. "వైరుదేముంది, ఎవరైనా పొరబడతారు. కానీ కాలిపోయిందన్నావు చూడు, ఆ రోజు మిషను మీద కూర్చోలేకపోయాను బాబూ." కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. తర్వాత ప్యాంటు అంచు ఎంత మడవాలో అడిగాడు.

అప్పుడప్పుడు నాకు ఆ పెంగ్విన్ సారు కళ్ళముందు మెదులుతాడు. సన్నగా, జుట్టు చెదిరి, నల్లటి తెరముందు వీరుడిలా కూర్చుని ఉంటాడు. పక్కన కూర్చుని, 'తెలియదని చెప్పరా, ఏమీ కాదు' అందామనిపిస్తుంది. చెప్పినా వినడు లెండి. జాలిగా నావైపు చూసి, ఇంతకీ మీరు ఏ సిస్టం వాడతారండీ, అని అడుగుతాడు.