రెండో చీటీ

ఆఫీసులో ఆవిడ్ని అందరూ మొండిఘటం అనేవారు, అదీ ఎదురుగానే. ఆవిడా పలికేది. అలాగని తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు. నాలుగో కాలు చూపిస్తే ఒప్పుకునేది. కాకపోతే చూపించాలి, ఊరికే చెబితే వినదు. ప్రోగ్రాములు రాసే కోర్సులో పరీక్ష మూడుసార్లు తప్పితే, ఇక కుట్టుమిషను కొనివ్వమని చుట్టాలంతా సలహా ఇచ్చారు. నాలుగోసారి పాసై, అదే చుట్టాల ఇళ్లకు పనిగట్టుకుని వెళ్లి మరీ చెప్పొచ్చింది.

తండ్రి తాళాలు బాగుచేసేవాడు. తాళంచెవి తిరక్కపోతే మళ్ళీ మళ్ళీ తిప్పకు, బయటికి తీసి చూడు అని చిన్నప్పుడు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఏం లాభం, తీరా అవసరమైన చోట ఆ మాట గుర్తు రాలేదు.

ఊళ్లో ఆసుపత్రికి మందుల ప్రోగ్రాము రాసింది ఆవిడే. వార్డులో నర్సు కంప్యూటర్లో మందు రాసి నొక్కితే, కింద మందుల గదిలో చీటీ అచ్చవుతుంది. అక్కడి మందులాయన చూసుకుని 'అందింది' అని నొక్కుతాడు. ఆ జవాబు వార్డుకు చేరుతుంది. ఆ పైకీ కిందకీ మధ్య లైను ఉందే, అది రోజుకు పదిసార్లు పోయేది. నర్సులు నొక్కలేక విసిగిపోతుంటే ఆవిడ ఒక ఉపాయం చేసింది. జవాబు రాకపోతే ప్రోగ్రామే దానంతటది మళ్ళీ పంపుతుంది. ఒక నిమిషం ఆగి ఒకసారి, రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి, తర్వాత నాలుగు, ఆపైన ఎనిమిది. అందరూ శభాష్ అన్నారు. ఆవిడా మురిసిపోయింది, అబద్ధమెందుకు.

ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి, మూడో వార్డు నర్సు ఒక ముసలాయనకు నొప్పి మందు రాసింది. ట్రే వచ్చింది, మందిచ్చింది, రెండింటికి డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయింది. కాసేపటికి అదే మందుతో ఇంకో ట్రే వచ్చింది. అప్పుడే డ్యూటీ ఎక్కిన నర్సు, డాక్టరు ఇంకో మోతాదు రాశారనుకుని అదీ ఇచ్చేసింది. ముసలాయన మర్నాటి మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేదు. కూతురు పక్కన కూర్చుని పిలుస్తూనే ఉంది. అదృష్టం బాగుండి బతికి బయటపడ్డాడు.

కంప్యూటర్లో చూస్తే రెండు ఆర్డర్లు, రెండూ ఒంటిగంటా యాభైకి రాసినట్టే, మొదటి నర్సు పేరు మీదే. ఒళ్లు తెలియకుండా రెండుసార్లు నొక్కిందన్నారు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు. అయినా తీసేస్తామన్నారు.

ఆ నర్సు ఎవరో కాదు, మన మొండిఘటానికి సొంత ఆడపడుచు. ఇద్దరికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. మాట మీద మాట పెరిగిన రోజున, కుర్చీలో కూర్చుని టకటకా నొక్కడం కూడా ఒక ఉద్యోగమేనా అంది ఆ పిల్ల. ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేసి, తప్పయిపోయింది వదినా అంది. ఈవిడ విని, మాట్లాడకుండా పెట్టేసింది. మళ్ళీ ఆ ఫోను రాలేదు. మధ్యలో ఆవిడ మొగుడి బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది, పాపం.

నర్సును తీసేస్తామన్న మర్నాడు ఆఫీసులో మేనేజరు ఒక కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ప్రోగ్రాములో లోపం లేదు, నర్సే రెండుసార్లు నొక్కింది, కింద సంతకం. ఆవిడ పెన్ను తియ్యలేదు. ఏ క్షణాన ఏం జరిగిందో ప్రోగ్రాము రాసిపెట్టుకునే చిట్టా తెరిచింది. ఒకటీ యాభై. యాభై ఒకటి. యాభై మూడు. యాభై ఏడు. రెండూ అయిదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఆ ఎడం తను పెట్టిందే. మనిషి వేలు అంత లెక్కగా నొక్కదు. మొదటి చీటీ కిందికి చేరింది, పోయింది జవాబు మాత్రమే. లైను తిరిగొచ్చాక రెండూ అయిదుది మళ్ళీ చీటీ అయింది. జవాబు రాలేదంటే మాట చేరలేదనే అనుకుని రాసింది తను. ఆవిడ చిట్టాను మేనేజరు వైపు తిప్పి, సంతకం పెట్టనంది.

ఆసుపత్రివాళ్లకే లేని బాధ మనకెందుకన్నాడు మేనేజరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత కూడా చెప్పాడు. అయినా వినకపోయేసరికి, సొంత ఆడపడుచు కాబట్టే ఇంత ఇదవుతున్నావన్నాడు.

"ఆ అమ్మాయికీ నాకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు, మా ఆయన్నడగండి," అందావిడ. "రాసింది నేను. తప్పు నాది. నా తప్పు మొయ్యడానికి ఇంకొకర్ని కూలికి పెట్టుకోను."

ఆసుపత్రిలో విచారణకు మేనేజరు పిలవలేదు. పిలవకుండానే వెళ్లింది. మాటలు చెబితే ఎవరు నమ్ముతారు, అందుకని రెండు కంప్యూటర్లు, చీటీల మిషను, పొడుగాటి వైరు చంకన పెట్టుకుని మరీ వెళ్లింది. ఆడపడుచును ఒక కంప్యూటరు ముందు, మందులాయన్ని రెండోదాని ముందు కూర్చోబెట్టింది. ఒక్కసారి నొక్కి చేతులు బల్ల మీద పెట్టమంది. ఆ పిల్ల నొక్కింది. చీటీ అచ్చయింది. మందులాయన 'అందింది' నొక్కబోయే లోపలే ఆవిడ వైరు పీకేసింది. ఆయన నొక్కాడు. జవాబు ఎక్కడికీ పోలేదు.

ఇక అందరూ కూర్చోండి, ఏడు నిమిషాలు పడుతుంది అంది. పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు. మేనేజరు ఏదో అనబోతే, మీకు బస్సుందా అని అడిగింది. నాలుగో నిమిషాన వైరు మళ్ళీ పెట్టి, తనూ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ గదిలో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. సరిగ్గా ఏడో నిమిషానికి మిషను గరగరమని రెండో చీటీ కక్కింది. అదే మందు, అదే రోగి, అదే నర్సు పేరు.

"ఆ చేతులు చూడండి," అందావిడ. "ఇప్పుడు చెప్పండి, ఎవరు నొక్కారు?"

పెద్ద డాక్టరు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, ఆడపడుచును రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. మేనేజరు ముఖం మాడిపోయింది. ఈ పని నుంచి నిన్ను తప్పిస్తున్నానని అందరి ముందూ అన్నాడు. తప్పించండి, కానీ ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు పెట్టి, అదే నంబరు రెండోసారి వస్తే 'ఇది ఇచ్చేశాం' అని జవాబు మాత్రమే వెళ్లేలా రాసిపెట్టి గానీ ఈ కుర్చీ దిగను అందావిడ. అన్నట్టే అక్కడే కూర్చుని సాయంత్రం దాకా రాసింది. మళ్ళీ ఆ వైరు పీకి, పెట్టి, మందులాయన ఇంకో చీటీ రాలేదని నవ్వేదాకా లేవలేదు.

మెట్ల దగ్గర ఆడపడుచు నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక కొంగు మెలిపెట్టుకుని, చివరికి తల ఎత్తకుండానే నోరు తెరిచింది.

"వదినా, ఆ రోజు నేనన్న మాట... తప్పయి..."

"మళ్ళీ చెప్పకు," అందావిడ, వైరు చుట్టి ఆ పిల్ల చేతిలో పెడుతూ. "అప్పుడు ఫోన్‌లో చెప్పావుగా, వినబడింది. జవాబివ్వంది నేనే. పద, మీ అన్నయ్య ఎదురుచూస్తుంటాడు."