అక్క మొక్కకు తమ్ముడి వైద్యం

ఆ వీధిలో కటింగుషాపు నడిపే మనిషిని అందరూ కబుర్లాయన అంటారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడకు గుడ్డ కట్టడం ఆలస్యం, మొదలుపెడతాడు. వానలు పడకపోవడం దగ్గర్నుంచి ఎదురింటివాళ్ళ కొత్త ఫ్రిజ్ దాకా ఆయన నోట్లో పడనిది లేదు. షట్టరు దించి, వెనకనున్న రెండు గదుల ఇంట్లోకి అడుగుపెట్టాక మాత్రం ఆ నోటికి పని లేదు. వినడానికి అక్కడ ఎవరున్నారు గనక? పొద్దున తాగిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. అక్క కూర్చునే పీట ఖాళీగా కనబడకూడదని దానిమీద షాపు తువ్వాళ్ళు కుప్పేశాడు.

అక్క అంటే ఆయనకు అమ్మ తరవాత అమ్మ. తల్లి పోయిన నాటినుంచీ అన్నం పెట్టిందీ, చెవి మెలేసిందీ, ఈ షాపు పెట్టించిందీ ఆవిడే. పెళ్ళి మాట ఎత్తకుండానే ఇద్దరికీ జుట్టు నెరిసింది. అలాంటి అక్క యాభై దాటాక ఉన్నట్టుండి పెళ్ళి చేసుకుంది. అదీ ఎవర్నంటారు? ఈయన షాపుకు వచ్చే బస్సు డ్రైవర్ని! భార్య పోయిన మనిషి. వారం వారం ఈయన చేతే గడ్డం గీయించుకుని, ఆ నున్నటి మొహంతో వెనకవైపు వెళ్ళి, "కాసిని మంచినీళ్ళిస్తారా" అని అక్కను అడిగేవాడట. కబుర్లాయనకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరి సంగతులూ తెలిసినవాడికి సొంతింటి సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది మరి.

పెళ్ళికి వెళ్ళలేదు. పంతానికి ఆ రోజు షాపు తెరిచి కూర్చున్నాడు. ఒక్క పురుగు రాలేదు, అందరూ పెళ్ళికే పోయారు. పదునున్న కత్తికే మళ్ళీ పదును పెట్టుకుంటూ, అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ పొద్దుపుచ్చాడు.

ఇల్లు విడిచేముందు అక్క అప్పజెప్పింది ఒకటే. పెరట్లో గోడవారన, రాళ్ళమట్టిలో పెంచుకున్న గైలార్డియా మొక్క. మధ్యలో ఎరుపు, అంచుల్లో పసుపు, గుండ్రటి పూలు. ఏటా చచ్చినట్టే ఎండిపోయి, మళ్ళీ మొదట్లోంచి లేచేది. చుట్టుపక్కల గడ్డి మాడిపోయిన ఎండల్లో కూడా విరగబూసేది. తేనెటీగలు పొద్దునే వచ్చి వాలేవి. వాటి రొద వింటూనే అక్క గిన్నెలు తోముకునేది.

"దాన్ని గారాబం చెయ్యకురా. నీళ్ళెక్కువ పోయకు, ఎరువసలే వద్దు. వాడిన పూలు మాత్రం కత్తిరిస్తూ ఉండు" అని గుమ్మంలో నిలబడి చెప్పింది. ఈయన గోడవైపు తిరిగి నుంచున్నాడు. అలిగినవాడి చెవులకు ఏం ఎక్కుతుంది? కత్తిరించమన్న మాట ఒక్కటే ఎక్కింది.

కొన్నాళ్ళు ఆ మొక్కవైపే చూడలేదు. తరవాత ఇంట్లో నిశ్శబ్దం భరించలేక పెరట్లోకి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? "ఏమే, మీ అమ్మ నిన్నూ వదిలేసి పోయింది కదే" అని కబుర్లు ఎత్తుకున్నాడు. ఆ రాళ్ళమట్టి చూసి జాలేసింది. జుట్టు మంచి ఎరువని ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. ఇంకేం! జుట్టుకు తనకేం కరువు? రోజూ షాపు ఊడ్చి, ఆ జుట్టంతా తెచ్చి మొక్క మొదట్లో పరిచాడు. గాలికి లేవకుండా పైన బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. చాలదన్నట్టు కస్టమర్ల తలమీద కొట్టే స్ప్రే సీసాతో ఆకులకూ నీళ్ళు కొట్టాడు.

మొక్క ఏపుగా పెరిగింది. ఆకులు చేటలంత అయ్యాయి. ఈయన మురిసిపోయాడు. వాడినవన్నీ కత్తిరించేశాడు, కొత్త పువ్వు మాత్రం ఒక్కటి లేదు. పువ్వు లేనిచోట తేనెటీగకేం పని? అవీ రావడం మానేశాయి. అప్పుడర్థమైంది, ఇన్నాళ్ళూ ఆ రొదనే తోడనుకున్నానని. పెరడు కూడా లోపలి గదిలాగే అయిపోయింది.

ఒకరోజు డ్రైవరు షాపులోకి వచ్చాడు. ఇన్నాళ్ళూ వెళ్ళిన వేరే షాపులో ఎవరో చెవుల పక్కన ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కత్తిరించి పంపినట్టున్నారు.

"ఏం బావమరిదీ, బావున్నావా?"

"కటింగా, గడ్డమా?" అన్నాడు కబుర్లాయన. ఆ తరవాత నోరు మెదపలేదు. ఆ షాపులో అంత మౌనంగా సాగిన కటింగు అదే మొదటిది.

లేవబోతూ డ్రైవరు, "మీ అక్క ఆదివారం వస్తానంది. పూలు బాగా పూస్తూ ఉంటాయి, చూసి పోతానంది" అన్నాడు.

కబుర్లాయన డబ్బులు కూడా తీసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాడు. అక్కను రమ్మని పిలిచే మొహం తనకెక్కడిది? పెళ్ళికే వెళ్ళని తమ్ముడాయె. ఆ మొక్క ఉంటేనే అక్క వస్తుంది. అదే లేకపోతే ఈ గడప తొక్కడానికి ఆవిడకు ఇంకేం మిగిలింది? ఆదివారానికి ఒక్క పువ్వైనా పూయించాలని మరింత జుట్టు వేశాడు, మరిన్ని నీళ్ళు పోశాడు. శనివారం పొద్దున చూస్తే మొక్క మొదలు నల్లబడి, పక్కకు ఒరిగిపోయింది. దాన్ని కర్రకు కట్టి నిలబెట్టి, పక్కనే చతికిలపడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం అక్క వచ్చింది. కాస్త చిక్కింది. ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా పెరట్లోకి నడిచి, ఆగిపోయింది.

"ఇదేంట్రా! మొక్కకి విగ్గు పెట్టావేంటి?"

"బలం అని..."

"నీ బలం తగలెయ్య! ఊపిరాడక కుళ్ళిపోయింది కదరా!"

తిట్టింది. ఎన్నాళ్ళకు తిట్టింది! ఈయనకు కడుపు నిండినట్టయింది. ఆవిడ చీర ఎగదోపుకుని, తడి జుట్టునంతా లాగి పారేసి, మట్టి తవ్వింది. అన్నీ కుళ్ళిన వేళ్ళే. అడుగున, రాళ్ళ మధ్య, తడి తగలని చోట ఒక్క వేరు మాత్రం గట్టిగా ఉంది.

"ఇది బతుకుతుంది. పొడినేలలో పాతితే చాలు" అని, దాన్ని చేతిలో పట్టుకుని మట్టి దులిపింది. "ఇది నాకిస్తావురా?" అంది.

"నీకా?"

"మీ బావ మంచోడేరా. కానీ తెల్లారకుండా బస్సెక్కితే పొద్దుపోయాకే రావడం. ఆ వీధిలో నాకెవరూ తెలీదు. అస్తమానూ గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నా. ఇదైనా ఉంటే..."

అక్క కూడా తనలాగే ఉందన్నమాట. ఆ ఆలోచన ఆయనకు ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. తను ఏకాకినయ్యానని కుమిలాడేగాని, ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో అనుకోనేలేదు. ఆ వేరు ఇచ్చేస్తే ఇక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు, అక్క మళ్ళీ రాదు. ఆ సంగతి తెలుస్తూనే ఉంది. ఉతికిన తువ్వాలు తెచ్చి, వేరును జాగ్రత్తగా చుట్టి ఆవిడ సంచీలో పెట్టాడు.

"సరే, వెళ్ళొస్తానురా" అని అక్క గుమ్మం దాకా వెళ్ళింది.

"అక్కా" అన్నాడు. "మీ ఇంటికి రావాలంటే ఏ బస్సెక్కాలి?"

సంచీ కిందపెట్టి అక్క గడపమీదే కూలబడి భోరుమంది. ఏ బస్సో చెప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.